ఫోటోలో మనమెక్కడ?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ మేడం ఫోన్ చేసినప్పుడు "హాస్టల్ జ్ఞాపకాలు రాస్తాను మేడం" అన్నాను. రాయడానికి కూర్చునేముందు, ఆ రోజుల ఫోటో ఒకటి దొరికితే దాంతోపాటు పంపుదామని ఇల్లంతా వెతికాను. ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా, అంటే ఆరేళ్లు, నేను మొయినాబాద్‌లోని మన హాస్టల్లోనే ఉన్నాను. ఆ ఆరేళ్లలో నేనున్న ఫోటోలు ఐదు దొరికాయి. ఐదూ పాస్‌పోర్టు సైజువే. స్కాలర్‌షిప్ ఫారానికి, హాస్టల్ అడ్మిషన్‌కు, పదో తరగతి హాల్ టికెట్‌కు దిగినవి. వాటిలో ఒకదానికి నుదుటి మీద స్టాప్లర్ పిన్ను గుచ్చిన రెండు బెజ్జాలు కూడా ఉన్నాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఒక్కసారి మీ ఇంట్లో కూడా వెతికి చూడండి. మీ అమ్మ చిన్నప్పటి ఫోటో ఉందా? మీ నాయిన బడికి పోయినప్పటిది? మీ తాతది? చాలామంది ఇళ్లలో ఉండదని నాకు తెలుసు. ఉన్నా అది రేషన్ కార్డు మీదో, ఓటరు కార్డు మీదో ఉంటుంది. అంటే ఆఫీసు వాళ్లకు అవసరమైనప్పుడే మనవాళ్లు ఫోటో దిగారన్నమాట. మనకోసం మనం దిగింది తక్కువ. మనం తీసింది ఇంకా తక్కువ.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. మన హాస్టల్ పిల్లలకు బడి వయసులోనే ఫోటోగ్రఫీ నేర్పాలి. దాన్ని సరదాగానో, సెలవుల్లో కాలక్షేపంగానో కాకుండా, అక్షరాలు నేర్పినట్లు నేర్పాలి. ఎందుకు అంటున్నానో మా తాత కోటుతో మొదలుపెడతాను.

తాత కోటు

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా తాత చనిపోయాడు. పదో దినానికి దండ వేయడానికి ఫోటో కావాలి. ఇంట్లో ఒక్కటీ లేదు. నాయిన ఓటరు కార్డు పట్టుకుని స్టూడియోకు పోయాడు. గోరంత ఫోటోను వాళ్లు పెద్దది చేసి, ఫ్రేము కట్టి ఇచ్చారు. ఇంటికి తెచ్చి గోడకు తగిలిస్తే మేమెవరం మాట్లాడలేదు. మొహం మసకగా ఉంది. మెడ కింద మాత్రం నీలం కోటు, ఎర్ర టై తళతళలాడుతున్నాయి. మా తాత బతికినన్నాళ్లూ ధోతి కట్టి భుజం మీద తువ్వాల వేసుకున్న మనిషి. కోటు ముట్టుకుని కూడా ఎరగడు.

"గీయన ఎవరురా?" అని మా నాయనమ్మ అడిగింది.

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. నలభై ఏళ్లకు పైగా కాపురం చేసిన మనిషి తన పెనిమిటి ఫోటోను గుర్తుపట్టలేకపోయింది. స్టూడియో వాళ్లది తప్పని నేను అనను. వాళ్ల దగ్గర అందరికీ అదే కోటు ఉంటుంది. మంచిగా కనబడాలనే వేశారు. కానీ తాత ఎట్లా ఉండేవాడో చెప్పే ఫోటో మా దగ్గర లేకపోవడం వల్లే ఎవరో ఒకరు ఆయనకు కోటు తొడిగారు.

మన హాస్టల్ హాల్లో బాబాసాహెబ్ అంబేద్కర్ ఫోటో ఉంది. ఆయనా కోటులోనే ఉంటారు. ఆ కోటు ఆయన తానుగా వేసుకున్నది. అంటరానివాడివని పక్కన కూర్చోబెట్టిన సమాజం ముందు, నేనెట్లా కనబడాలో నేనే చెబుతానని వేసుకున్నది. మా తాత కోటు వేరేవాళ్లు తెచ్చి అతికించింది. తేడా బట్టలో లేదు. ఎవరు నిర్ణయించారన్న దాంట్లో ఉంది.

"మనోళ్లు ఏరి?"

నేను ఫోటోగ్రఫీ నేర్చుకోవడం తొమ్మిదో తరగతిలో, 2016–17లో మొదలైంది. మా బడిలో సోషల్ చెప్పే సారుకు ఒక చిన్న డిజిటల్ కెమెరా ఉండేది. నికాన్ కూల్‌పిక్స్. చూపుడు వేలంత లెన్సు. ఆదివారాలు హాస్టల్‌కు వచ్చి, ఇష్టమున్న ఏడెనిమిది మందిమి కూర్చుంటే దాన్ని మా చేతికిచ్చేవాడు. "కింద పడేస్తే మీ సారుకు ఇంకోటి కొనే తాహతు లేదు" అని నవ్వుతూ చెప్పి, మెడలో తాడు వేసుకున్నాకే చెయ్యి వదిలేవాడు.

ఆ ఏడు వార్షికోత్సవానికి ఫోటోలు తీసే పని నాకు అప్పగించాడు. నా సంతోషానికి హద్దు లేదు. పొద్దటినుంచి రాత్రి దాకా తీశాను. నూట ఎనభై దాకా వచ్చాయి. సోమవారం సారు కంప్యూటర్లో ఒక్కొక్కటీ చూశాడు. అన్నీ చూసి, "మంచిగ తీసినవ్ బిడ్డా. మరి గీ ఫోటోలల్ల మనోళ్లు ఏరి?" అన్నాడు.

నేను మళ్లీ చూశాను. వేదిక మీద పెద్దలు. వాళ్ల మెడలో దండలు. మైకు ముందు పెద్దలు. జ్యోతి వెలిగిస్తున్న పెద్దలు. నోటు పుస్తకాలు పంచుతున్న పెద్దలు. ఆ పుస్తకాలు తీసుకుంటున్న మా దోస్తులు వీపులుగా, చాచిన చేతులుగా మాత్రమే ఉన్నారు. పొద్దున మూడింటికి లేచి మూడు వందల మందికి వండిన ఆయమ్మలు ఒక్క ఫోటోలో లేరు. తెల్లవార్లూ రంగు కాగితాలు అతికించిన మేము లేము. నేనే హాస్టల్ పిల్లను, కెమెరా నా చేతిలోనే ఉంది, అయినా నాకు మావాళ్లు కనబడలేదు!

ఇంకొకటి కూడా సారే చూపించాడు. పెద్దలను నేను వేదిక కింద నిలబడి తలెత్తి తీశాను. పిల్లలను కుర్చీ ఎక్కి పై నుంచి తీశాను. ఎవరూ నాకట్లా తీయమని చెప్పలేదు. ఎప్పుడూ అట్లాగే చూసి చూసి, తీయడం కూడా అట్లాగే వచ్చింది.

చాలా ఏళ్ల తర్వాత పస్తాపూర్ మహిళల గురించి చదివినప్పుడు ఈ సంగతి గుర్తొచ్చింది. మనకు ఎంతో దూరం కాదు, జహీరాబాద్ దగ్గర. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 1990ల చివరలో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. వాళ్లలో చాలామంది బడి మొహం చూడనివాళ్లు, కూలికి పోయేవాళ్లు. తమ విత్తనాల మీద, తమ పంటల మీద తామే సినిమాలు తీశారు. కెమెరా కోణాలకు ఇంగ్లీషు పేర్లు పక్కనపెట్టి తమ పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది 'పటేల్ షాట్'. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా పెట్టి చూసేది 'సంఘం షాట్'. ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తులో చాప మీద కూర్చుంటారు కదా!

ఏ యూనివర్సిటీ పుస్తకమూ నాకింత సులువుగా చెప్పలేదు. మా నాయిన పదేళ్లకే పటేల్ దగ్గర జీతం ఉన్న మనిషి. ఆయనకు ఈ మాట చెబితే, "అవు బిడ్డా, ఆయన అరుగు మీద, నేను వాకిట్ల. గట్లనే చూస్తుండె" అన్నాడు.

చీకటి గదిలో వేపచెట్టు

ఇంతకూ ఆదివారం క్లాసులో ఏం నేర్చుకున్నామో చెప్పాలి. ఖరీదైన సామాను లేకుండా మీరూ చేయవచ్చు.

మొదటి వారం సారు కెమెరా తేలేదు. స్టోర్ రూము ఖాళీ చేయించి, కిటికీకి నల్ల చార్టులు అతికించమన్నాడు. ఎక్కడా వెలుతురు రాకుండా సందులన్నీ మూశాము. కిటికీ చార్టుకు నడుమ చిటికెన వేలు పట్టేంత బెజ్జం పెట్టాడు. ఎదురుగా తెల్ల దుప్పటి పట్టుకుని నిలబడ్డాము. రెండు మూడు నిమిషాలు ఏమీ కనబడలేదు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, బయటి వేపచెట్టు దుప్పటి మీద తలకిందులుగా ఊగుతూ కనబడింది. ఆకాశం కిందికి, నేల పైకి. ఇంతలో వాచ్‌మన్ తాత బయట నడిచిపోయాడు. దుప్పటి మీద ఆయన కాళ్లు పైకి పెట్టి నడిచిపోయాడు. మేము అరిచిన అరుపులకు వంటింట్లోంచి ఆయమ్మలు కూడా పరుగెత్తుకొచ్చారు.

కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని, సూదిబెజ్జం కెమెరాలో బొమ్మ తలకిందులుగా పడుతుందని ఆరో తరగతిలోనే చదివి పరీక్షలో రాశాము. మార్కులూ వచ్చాయి. అది నిజమని మాత్రం ఆ రోజే తెలిసింది. 'కెమెరా' అంటే లాటిన్‌లో గది అని అర్థమట. మనుషులు ముందు గదిలో కూర్చుని బొమ్మ చూశారు. తర్వాత ఆ గదిని పెట్టె చేశారు. ఆ తర్వాత ఆ పెట్టెలో నిలిచిన బొమ్మను చెరిగిపోకుండా పట్టుకునే రసాయనాలు కనిపెట్టారు. 1839 ఆగస్టు 19న పారిస్‌లో డాగేర్ పద్ధతిని లోకానికి ప్రకటించారు. అందుకే ఆ రోజును ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

రెండో పాఠం మొహాలది. హాస్టల్ గోడ సున్నం వేసిన తెల్లగోడ. దాని ముందు మా దోస్తును నిలబెట్టి తీస్తే, మొహం బొగ్గులాగా పడింది. అందరం నవ్వాము. ఆ పిల్ల ఏడ్చింది. సారు నవ్వలేదు. "మొహం తప్పు కాదు, కెమెరా లెక్క తప్పు" అని కూర్చోబెట్టి చెప్పాడు. కెమెరాకు మనిషి తెలియడు, గోడ తెలియదు. ఎదురుగా ఉన్నదంతా కలిపి సగటున ఒక మధ్యరకం బూడిద రంగులో ఉంటుందని అనుకుంటుంది. తెల్లగోడ ఎక్కువగా ఉంటే "అమ్మో, వెలుతురు ఎక్కువైంది" అని తగ్గించేస్తుంది. దాంతో మొహం ఇంకా నల్లబడుతుంది. అప్పుడు మనమే వెలుతురు ఒక మెట్టు పెంచాలి. లేదా మనిషిని చెట్టు నీడలోకి తీసుకుపోవాలి. ఇప్పటి ఫోన్లలోనైతే తెర మీద మొహాన్ని వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరిపితే చాలు.

అదే పిల్లను వేపచెట్టు నీడలో నిలబెట్టి మళ్లీ తీశాము. ఫ్లాష్ లేదు, పౌడర్ లేదు. తన రంగులో తాను, కళ్లలో చిన్న మెరుపుతో నిలబడింది. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్లింట్లో ఉంది.

ఇది మన ఒక్క హాస్టల్ సంగతి కాదని తర్వాత తెలుసుకున్నాను. ఒకప్పుడు కొడాక్ కంపెనీ రంగుల ఫోటోలు సరిచూసుకోవడానికి 'షర్లీ కార్డు' అనేదాన్ని ల్యాబులకు పంపేది. దాని మీద తెల్లజాతి యువతి ఫోటో ఉండేది. ఆమె ఒంటి రంగు సరిగ్గా వస్తే ఫోటో సరిగ్గా వచ్చినట్లు లెక్క. ఆ కొలతతో నల్లవాళ్ల మొహాలు సరిగా రాక, కళ్లూ పళ్లే కనబడేవి. దీని మీద చాక్లెట్లు, కర్ర సామాను అమ్మే కంపెనీలు కూడా తమ గోధుమ రంగుల తేడాలు రావడం లేదని గొడవ చేశాకే ఫిల్ము మెరుగుపడిందని చరిత్రకారులు రాశారు. మనుషుల మొరకంటే సరుకు మొర ముందు వినబడిందన్నమాట! కాబట్టి "నేను ఫోటోలో బాగా పడను" అని ఎవరైనా అంటే, నా తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నమ్మకండి. ఎవరి కొలతతో తీశారో అడగండి.

నేనూ కోట్లు తొడిగాను

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. డిగ్రీ అయిపోయాక పీజీలో చేరడానికి డబ్బులు లేక, ఒక సంవత్సరం మెహదీపట్నం వైపు ఒక స్టూడియోలో కంప్యూటర్ పని చేశాను. పాస్‌పోర్టు ఫోటోలు, ఫంక్షన్ ఆల్బమ్‌లు. నాకిచ్చిన కంప్యూటర్లో ఒక ఫోల్డర్ ఉండేది. దాని నిండా తలలు లేని కోట్లు. చనిపోయినవాళ్ల చిన్న ఫోటోలు తెచ్చేవారు. నేను తల కోసి, కోటు మెడ మీద అతికించి, రంగు నాలుగు మెట్లు తెల్లగా చేసి, వెనక నీలం ఆకాశం పెట్టి ఇచ్చేదాన్ని. మొదటివారం చేయి ఆడలేదు. తర్వాత అలవాటైపోయింది. రోజుకు ఐదారు కోట్లు.

ఒకరోజు ఒక ముసలమ్మ తన కొడుకు ఫోటో తెచ్చింది. "బిడ్డా, నా కొడుకు గట్లనే ఉండనియ్యి. తెల్లగ చెయ్యకు. నేను గుర్తుపట్టాలె" అంది. నాకు మా నాయనమ్మ మాట గుర్తొచ్చి లేచి బయటకు పోయి కాసేపు నిలబడ్డాను. ఆ రోజు నుంచి ఫోటో తెచ్చిన ప్రతివాళ్లనూ "ఆయన ఏం బట్టలు కట్టేవాడు?" అని అడిగి చేయడం మొదలుపెట్టాను. ఎక్కువ మంది ధోతి, తువ్వాల అనే చెప్పారు. అడిగేవాళ్లు లేక కోటు వచ్చిందే తప్ప, కావాలని కోటు అడిగినవాళ్లు కొద్దిమందే.

కెమెరా ఎవరి చేతిలో ఉంటే

ఇప్పుడు నేను ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. మన హైదరాబాద్ చరిత్రలో ఫోటోగ్రఫీ అనగానే వచ్చే పేరు రాజా దీన్‌దయాళ్ (1844–1905). ఉత్తరాదిలోని మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీ నేర్చుకున్నాడు. 1880లలో హైదరాబాద్ వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో కూడా పెట్టాడు. గొప్ప పనివాడు, అందులో సందేహం లేదు. ఆయన తీసిన నవాబుల ఫోటోల కింద పేర్లున్నాయి, బిరుదులున్నాయి. 1899–1900 నాటి కరువులో నిజాం ప్రభుత్వం నడిపిన సహాయ శిబిరాలను కూడా ఆయన స్టూడియో ఫోటోలు తీసింది. ఎముకలు తేలిన మనుషులు వరుసల్లో కూర్చుని ఉంటారు. వాళ్ల పేర్లు లేవు. నేను ఆ మొహాలను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. నవాబుల వరుసలో మా తాతల తాతలు ఉండే అవకాశం లేదు. ఉంటే ఇట్లాంటి వరుసలోనే ఉంటారు.

అదే కాలానికి కాస్త అటుఇటుగా అమెరికాలో లూయిస్ హైన్ అనే బడిపంతులు ఉండేవాడు. న్యూయార్క్‌లోని ఎథికల్ కల్చర్ స్కూల్లో పాఠాలు చెబుతూ, పిల్లలకు ఫోటోగ్రఫీ కూడా నేర్పేవాడు. 1908 నుంచి ఊరూరూ తిరిగి మిల్లుల్లో, గనుల్లో, పొలాల్లో పనిచేసే పిల్లల ఫోటోలు తీశాడు. యజమానులు రానివ్వకపోతే ఏదో ఒక సాకు చెప్పి లోపలికి పోయేవాడు. తన కోటు గుండీలు నేల నుంచి ఎంత ఎత్తున్నాయో ముందే కొలుచుకుని, పక్కన నిలబడ్డ పిల్ల ఏ గుండీ దాకా వచ్చిందో చూసి ఎత్తు అంచనా వేసేవాడట. తెలిసినంతవరకు పేరు, వయసు, ఏం పని, ఎంత కూలి అన్నీ రాసిపెట్టేవాడు. 1938లో అమెరికా ప్రభుత్వం బాలల పనిని కట్టడి చేస్తూ చట్టం తెచ్చేదాకా సాగిన పోరాటానికి ఆ ఫోటోలు పెద్ద సాక్ష్యంగా నిలిచాయి. ఆ హైన్ పంతులు దగ్గర బడిలో ఫోటోగ్రఫీ నేర్చుకున్న పిల్లవాడే పాల్ స్ట్రాండ్. తర్వాత ప్రపంచంలోని గొప్ప ఫోటోగ్రాఫర్లలో ఒకడయ్యాడు. బడిలో ఒక పంతులు, ఒక కెమెరా, కొందరు పిల్లలు ఉంటే ఎంత దూరం పోవచ్చో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

మన రంగారెడ్డి జిల్లాలోనూ పిల్లలను పని నుంచి విడిపించి బడికి తెచ్చే పనిని ఎం.వి. ఫౌండేషన్ 1991లో మొదలుపెట్టింది. దానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆ పని మా ఊరి దాకా వచ్చేసరికి మా నాయిన బడి వయసు దాటిపోయింది. ఆయన జీతమున్న రోజుల ఫోటో ఒక్కటీ లేదు. నేను చెబితే తప్ప ఆ సంగతి ఎక్కడా లేదు.

ఇంకొక పేరు కూడా గుర్తుపెట్టుకోండి. గార్డన్ పార్క్స్. అమెరికాలో నల్లజాతి పేద కుటుంబంలో 1912లో పుట్టాడు. హైస్కూలు పూర్తిచేయలేదు. రైళ్లలో వెయిటర్‌గా పనిచేస్తూ, తాకట్టు దుకాణంలో ఏడున్నర డాలర్లకు పాత కెమెరా కొన్నాడు. 1942లో వాషింగ్టన్‌లోని ప్రభుత్వ ఆఫీసులో నేల తుడిచే ఎల్లా వాట్సన్ అనే ఆమెను, చీపురుతో, తుడుపుకర్రతో, వెనక అమెరికా జెండాతో నిలబెట్టి ఫోటో తీశాడు. చూస్తే ఆమే ఆ ఆఫీసుకు యజమానురాలేమో అనిపిస్తుంది. తన జీవితకథకు ఆయన పెట్టుకున్న పేరు 'ఆయుధాల ఎంపిక' అనే అర్థం వచ్చేది. దారిద్ర్యం మీద, జాతి వివక్ష మీద ఆయన ఎంచుకున్న ఆయుధం కెమెరా.

అభ్యంతరాలకు జవాబు

"హాస్టల్లో ఫోన్లే వద్దంటుంటే నువ్వు కెమెరా అంటావేమిటి?" అని కొందరు అడుగుతారు. సరైన ప్రశ్నే. నేను ప్రతి పిల్ల చేతికీ ఫోను ఇమ్మనడం లేదు. సిమ్ము లేని, ఇంటర్నెట్ లేని ఒక్క పాత కెమెరా చాలు. ఫోనులో రోజంతా ఇతరుల ఫోటోలు చూడటం వేరు, కెమెరా పట్టుకుని ఆదివారం రెండు గంటలు మన చుట్టూ చూడటం వేరు.

"ఆడపిల్లల ఫోటోలు బయటికి పోతే?" ఈ భయం నిజమైనది. మా నాయిన కూడా నా మెడలో కెమెరా చూసి మొదట గొడవపడ్డాడు. అందుకే నియమాలు గట్టిగా ఉండాలి. అడగకుండా ఎవరినీ తీయకూడదు. పడుకునే గదుల్లో, స్నానాల దగ్గర కెమెరా పోకూడదు. వద్దన్న ఫోటో వాళ్ల ముందే తీసేయాలి. ఏ ఫోటో అయినా వార్డెన్ అనుమతి, ఫోటోలో ఉన్న పిల్ల ఇష్టం లేకుండా బయటికి పోకూడదు. ఒకటి చెప్పనా? మా ఆదివారం క్లాసులో "అక్కా, నన్ను తియ్యొద్దు" అని చెప్పడం నేర్చుకున్న పిల్లలు, తర్వాత బయట కూడా ధైర్యంగా "మా ఫోటో ఎందుకు తీస్తున్నారు?" అని అడగగలిగారు. ఫోటో తీయడం తెలిసినవాళ్లకే ఫోటో దిగకపోయే హక్కు కూడా తెలుస్తుంది. పండ్లో, దుప్పట్లో పంచి మన మొహాలు తీసుకుపోయేవాళ్లను కూడా మర్యాదగా అడగవచ్చు: "సార్, ఈ ఫోటో ఎక్కడ వేస్తారు? మాకు ఒక కాపీ ఇస్తారా?"

"దీంతో ఉద్యోగం వస్తుందా?" కొందరికి వస్తుంది. ఇంటర్ అయ్యాక ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్ష రాస్తే, మాసాబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీలో డిగ్రీయే చేయవచ్చు. మన చేవెళ్ల బస్సు దిగే మెహదీపట్నానికి అది కూతవేటు దూరం. నాకు పదో తరగతిలో ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు, అందుకే మీకు చెబుతున్నాను. అయితే నేను ఫోటోగ్రాఫర్‌ను కాలేదు, కాబోవడం లేదు. లెక్కలు నేర్చుకున్నవాళ్లంతా లెక్కల మాస్టర్లు కారు కదా! కెమెరా నాకు చూడటం నేర్పింది. అది ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తుంది.

మన హాస్టల్‌కు నా మనవి

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. మీ ఇళ్లలో బీరువా మూలన పడి ఉన్న పాత డిజిటల్ కెమెరాలు హాస్టల్‌కు ఇవ్వండి. ఒకటి నేను తెస్తున్నాను. స్టూడియో జీతంలోంచి కొన్న సెకండ్‌హ్యాండ్‌ది. నెలకు ఒక ఆదివారం వచ్చి నేర్పే బాధ్యత కూడా నాదే.

ఏడాదికి ఇరవై ఫోటోలు ఎంపిక చేసి కాగితం మీద ప్రింటు వేయిద్దాం. ఫోనులో, కంప్యూటర్లో దాచితే ఉండవు. మా సారు కంప్యూటర్ చెడిపోయి మేము తీసిన వందల ఫోటోలు పోయాయి. అప్పుడు ప్రింటు వేయించిన పదకొండే మిగిలాయి. ప్రతి ఫోటో వెనక పెన్సిల్‌తో పేర్లు, ఊరు, తేదీ, తీసిన పిల్ల పేరు రాద్దాం. పేరు లేని ఫోటో సగం ఫోటోయే అని కరువు శిబిరాల వరుసలు నాకు నేర్పాయి. ఆ ఫోటోలకు ఒక ఆల్బమ్, ఒక రిజిస్టరు, ఒక తాళం ఉండాలి.

తీయడానికి ఏముందని అడగకండి. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద ఎన్ని తరాలు నడిచాయి? రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టాలా ఉంచాలా అని ఏళ్ల తరబడి కొట్లాట నడిచింది. వాటి నీడలో కూరగాయలు అమ్మే మనవాళ్ల ఫోటోలు ఎవరి దగ్గరున్నాయి? తెల్లవారుజామున చామంతులు కోసే అమ్మలు, హిమాయత్‌సాగర్ ఒడ్డున వల విసిరే తాతలు, మన వంటింటి ఆయమ్మలు, వీళ్లందరినీ ఎవరు తీస్తారు?

మా అమ్మ మొయినాబాద్ దగ్గరి పూలతోటల్లో కూలికి పోతుంది. ఒకసారి పక్కన ఫామ్‌హౌస్‌లో పెళ్లికి ముందు తీసే ఫోటోలు తీస్తున్నారట. మోకాళ్ల దాకా వచ్చిన చామంతుల నడుమ అబ్బాయి, అమ్మాయి నిలబడ్డారు. వెనక దూరంగా మా అమ్మ పూలు కోస్తోంది. "జర పక్కకు జరుగుమ్మా, ఫ్రేములో వస్తున్నవ్" అని ఒకాయన కేకేశాడు. అమ్మ గంప ఎత్తుకుని పక్కకు జరిగింది. రాత్రి ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది. ఆ పూలు నాటింది అమ్మ. నీళ్లు పెట్టింది అమ్మ. ఫోటోలో పూలు ఉండవచ్చు, అమ్మ ఉండకూడదు!

మరుసటి ఆదివారం నేను అమ్మతో తోటకు పోయాను. సంఘం షాట్‌లాగే, నేల మీద మోకాళ్లు పెట్టి కూర్చుని, ఆమె కళ్ల ఎత్తుకు కెమెరా పట్టుకుని తీశాను. వెనక పేరు, తేదీ రాశాను. మా ఇంట్లో తాత ఫోటో పక్కన అది ఉంది. మా నాయనమ్మ దాన్ని చూసి ఎవరని అడగలేదు.

ఈ వార్షికోత్సవం రోజు గ్రూపు ఫోటోను ఈసారి మన పిల్లల్లో ఒకరు తీయాలని నా కోరిక. నడుమ కుర్చీల్లో ఆయమ్మలను, వాచ్‌మన్ తాతను కూర్చోబెడదాం. పక్కకు జరిగిన వాళ్లందరినీ ఫ్రేములోకి పిలుద్దాం.

జై భీమ్.

— పూర్వ విద్యార్థిని, ఎం.ఏ. (చరిత్ర) ద్వితీయ సంవత్సరం